పొరుగు దేశం ఎవరి పక్షం?

2023 సెప్టెంబరు ఆఖరున జరిగిన మాల్దీవుల అధ్యక్ష ఎన్నికల్లో మహమ్మద్ ముయిజ్జు గెలిచారు. భారత సైనిక సిబ్బందిని దేశం నుంచి పంపించేస్తానన్నది ఆయన ప్రచారంలో ప్రధానమైన హామీ. 2024 జనవరిలో ఆయన బీజింగ్ వెళ్లొచ్చారు. మేలో మన హెలికాప్టర్లు, డోర్నియర్ విమానం దగ్గర పనిచేసే సైనికులు స్వదేశానికి తిరిగొచ్చేశారు. వారి స్థానంలో పౌర సాంకేతిక నిపుణులు వెళ్లారు. మాల్దీవులు చైనా గుప్పిట్లోకి వెళ్లిపోయిందని మన దగ్గర చాలామంది అప్పుడే తీర్మానించేశారు. 2025 జులైలో అదే ముయిజ్జు తమ 60వ స్వాతంత్ర్య దినోత్సవానికి భారత ప్రధానిని ముఖ్య అతిథిగా పిలిచారు. ఆ పర్యటనలో భారత్ 4,850 కోట్ల రూపాయల రుణ సదుపాయం ప్రకటించింది. రెండేళ్లు తిరక్కుండానే ఒక దేశం అటు వెళ్లి ఇటు వచ్చేసిందా? నా లెక్కలో మాల్దీవులు అటూ వెళ్లలేదు, ఇటూ రాలేదు. అయిదు లక్షల పైచిలుకు జనాభా, పర్యాటకం మీద బతికే ఖజానా, తీర్చాల్సిన అప్పు, ఎన్నికల్లో చెప్పిన మాట, వీటన్నిటినీ ఒక అధ్యక్షుడు ఎలా సర్దుకోవాలో అలా సర్దుకున్నారు. 2024లో విదేశీ మారకం అడుగంటినప్పుడు ఒక్కోసారి 5 కోట్ల డాలర్ల చొప్పున ట్రెజరీ బిల్లుల గడువు రెండుసార్లు పొడిగించింది భారతే. అక్టోబరులో ఆయన ఢిల్లీ వచ్చినప్పుడు 40 కోట్ల డాలర్ల కరెన్సీ మార్పిడి సదుపాయం కూడా దొరికింది.

భారత్, చైనాల పోటీ గురించి మాట్లాడేటప్పుడు మన చూపు ఆ రెండు దేశాల మీదే నిలిచిపోతుంది. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు సహా 20 మంది సైనికులను పోగొట్టుకున్నాక అలా చూడటం సహజం కూడా. కానీ ఈ పోటీ రోజువారీగా నడిచేది మంచు కొండల మీద కంటే కొలంబో, కాఠ్మండు, మాలె, ఢాకా, థింఫూ సచివాలయాల్లోనే ఎక్కువ. అక్కడి నాయకులకు మన గెలుపోటములు పట్టవు. డీజిల్ ధర, కరెంటు కోత, తరవాతి ఎన్నిక, ఇవీ వాళ్లకు పట్టేవి. పదిహేనేళ్ల అనుభవాన్ని ఈ కోణం నుంచి చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. పొరుగున భారత్ వెనకబడిన సందర్భాల్లో చాలావాటికి కారణం చైనా డబ్బు కంటే మన తీరు. ముందుకొచ్చిన సందర్భాల్లో చాలావాటికి కారణం అవసరానికి అందుకోవడం, ఇచ్చిన మాట గడువులోగా నెరవేర్చడం.

శ్రీలంక సంగతే తీసుకుందాం. హంబన్‌టోట రేవు పేరు ఎత్తగానే చైనా అప్పులిచ్చి ఉచ్చు బిగించిందనే కథ వినిపిస్తుంది. కథలో కొంత నిజముంది. 2008లో పని మొదలైంది, తొలి విడత అప్పు చైనా ఎగ్జిమ్ బ్యాంకుది, వడ్డీ 6.3 శాతం. 2017లో ఆ రేవు 112 కోట్ల డాలర్లకు 99 ఏళ్ల లీజు మీద చైనా మర్చంట్స్ పోర్ట్ సంస్థ చేతికి వెళ్లింది. అయితే కథ దాటవేసే భాగం ఇంకా ముఖ్యమైనది. ఆ రేవు బీజింగ్ బుర్రలో పుట్టిన ఆలోచన కాదు. చైనా కంటే ముందే కెనడా, డెన్మార్క్ సంస్థలు దాని మీద అధ్యయనాలు చేశాయి. హంబన్‌టోట అప్పటి అధ్యక్షుడు మహింద రాజపక్స సొంత జిల్లా, అక్కడ రేవు కట్టాలన్నది ఆయన పట్టుదల. ముందు భారత్‌నే అడిగామని ఆయన తరవాత చెప్పుకున్నారు. లీజు ఒప్పందం మీద సంతకం చేసిన ప్రభుత్వం రాజపక్సది కాదు, ఆయన్ను ఓడించి వచ్చిన సిరిసేన, విక్రమసింఘేలది. లీజు సొమ్ముతో రేవు అప్పు రద్దు కాలేదు. ఆ డాలర్లు విదేశీ మారక నిల్వల్లోకి వెళ్లాయి, ఎందుకంటే అప్పటికే పశ్చిమ దేశాల మార్కెట్లలో అమ్మిన బాండ్ల కిస్తీలు మీద పడుతున్నాయి. లంక విదేశీ అప్పులో ఆ బాండ్ల వాటా చైనా వాటా కంటే పెద్దది. అంటే కొలంబో పాలకులు తమ రాజకీయ అవసరాల కోసం ఇష్టపడి చేసిన ఎంపికలే ఆ దేశాన్ని అక్కడికి చేర్చాయి. ఉచ్చు కథ చెప్పుకున్నంత కాలం ఆ ఎంపికలు ఎందుకు చేశారు, వేరే దారి వాళ్లకు ఎవరు చూపించారు అనే ప్రశ్న వేసుకోం.

ఆ ప్రశ్నకు జవాబు 2022లో కొంత దొరికింది. ఆ ఏడాది ఏప్రిల్ 12న శ్రీలంక విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేసింది. పెట్రోలు బంకుల ముందు రోజుల తరబడి క్యూలు, ఆసుపత్రుల్లో మందుల కొరత, రోజుకు గంటల కొద్దీ కరెంటు కోత. భారత్ అప్పటికే జనవరిలో 40 కోట్ల డాలర్ల కరెన్సీ మార్పిడి, ఫిబ్రవరిలో చమురు కోసం 50 కోట్ల డాలర్లు, మార్చిలో ఆహారం, మందుల కోసం 100 కోట్ల డాలర్ల రుణ సదుపాయం ఇచ్చి ఉంది. ఏడాది మొత్తం మీద సాయం సుమారు 400 కోట్ల డాలర్లకు చేరింది. డబ్బు ఒక ఎత్తు, తరవాత జరిగింది మరో ఎత్తు. అంతర్జాతీయ ద్రవ్యనిధి ఆదుకోవాలంటే అప్పు సర్దుబాటుకు సిద్ధమేనని రుణదాతలు ముందుగా హామీ ఇవ్వాలి. 2023 జనవరిలో ఆ హామీ మొదట ఇచ్చింది భారత్. చైనా ఎగ్జిమ్ బ్యాంకు రెండేళ్ల వాయిదా ప్రతిపాదనతో తటపటాయించింది. మార్చిలో దాదాపు 300 కోట్ల డాలర్ల ద్రవ్యనిధి కార్యక్రమానికి ఆమోదం వచ్చింది. వంట గ్యాసు కోసం క్యూలో నిలబడిన మనిషికి ఏ దేశం ఎప్పుడు అందుకుందో బాగా గుర్తుంటుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. అంత సాయం చేసిన ఏడాదే, 2022 ఆగస్టులో, మనం వద్దంటున్నా చైనా ట్రాకింగ్ నౌక యువాన్ వాంగ్-5 హంబన్‌టోట రేవుకు వచ్చింది కదా, కృతజ్ఞత ఎక్కడుంది అని. దేశాల మధ్య కృతజ్ఞతను వారాల లెక్కన కొలిస్తే నిరాశే మిగులుతుంది. మరికొంత దూరం చూడాలి. 2024 జనవరి నుంచి విదేశీ పరిశోధక నౌకల రాకను శ్రీలంక ఏడాదిపాటు నిలిపేసింది. అదే ఏడాది సెప్టెంబరులో అధ్యక్షుడైన అనుర కుమార దిసనాయకె జనతా విముక్తి పెరమున నాయకుడు. 1987లో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనె చేసుకున్న ఒప్పందాన్నీ, భారత శాంతి సేన రాకనూ వ్యతిరేకిస్తూ ఆయుధం పట్టిన పార్టీ అది. ఆ పార్టీ నాయకుడు అధ్యక్ష హోదాలో తొలి విదేశీ పర్యటనకు ఢిల్లీ వచ్చారు, భారత్ భద్రతకు హాని కలిగేలా తమ నేలను వాడనివ్వబోమని ప్రకటించారు. నెల తిరగ్గానే బీజింగ్ కూడా వెళ్లారు, హంబన్‌టోట దగ్గర 370 కోట్ల డాలర్ల చమురు శుద్ధి కర్మాగారానికి చైనా సంస్థ సైనోపెక్‌తో ఒప్పందం కుదిరింది. 2025 ఏప్రిల్‌లో కొలంబోలో భారత్‌తో రక్షణ సహకార అవగాహన పత్రం మీదా సంతకాలయ్యాయి. ఈ మూడింటినీ కలిపి చూస్తే శ్రీలంకకు ఏం కావాలో అర్థమవుతుంది. పెట్టుబడి ఎవరి దగ్గర దొరికితే వాళ్ల దగ్గర తీసుకుంటుంది, మన భద్రతకు సంబంధించిన గీతను మాత్రం దాటదు. మనకు నిజంగా అక్కర్లేనిదేదైనా అందులో ఉందా?

నేపాల్ కథ ఇందుకు తలకిందులుగా మొదలవుతుంది. 2015 ఏప్రిల్ భూకంపంలో దాదాపు 9 వేల మంది చనిపోయారు. భారత సహాయక బృందాలు గంటల్లోనే కాఠ్మండు చేరాయి. ఆ మంచి పేరు అయిదు నెలలు కూడా నిలవలేదు. సెప్టెంబరులో నేపాల్ కొత్త రాజ్యాంగం తెచ్చుకుంది, అందులో తమకు అన్యాయం జరిగిందని తరాయి ప్రాంత మధేసీలు ఆందోళనకు దిగారు, సరిహద్దులో లారీలు ఆగిపోయాయి. దిగ్బంధం మా పని కాదని ఢిల్లీ చెప్పింది, నేపాలీలు నమ్మలేదు. చలికాలంలో, శిథిలాల మధ్య, పెట్రోలూ గ్యాసూ మందులూ లేకుండా 2016 ఫిబ్రవరి దాకా గడిపిన జనం ఆ రోజులను మరిచిపోలేదు. మధేసీల ఫిర్యాదులో న్యాయం ఉండొచ్చు, నిజానికి ఉంది కూడా. దాన్ని తీర్చాల్సింది కాఠ్మండులో మాటలతో, సరిహద్దు పట్టణం రక్సౌల్ దగ్గర ఆగిన ట్యాంకర్లతో కాదు. ఫలితం వెంటనే వచ్చింది. 2016 మార్చిలో ప్రధాని కె.పి. శర్మ ఓలి బీజింగ్ వెళ్లి రవాణా ఒప్పందం చేసుకున్నారు. మరుసటి ఏడాది నేపాల్ చైనా మౌలిక వసతుల పథకమైన బెల్ట్ అండ్ రోడ్‌లో చేరింది. 2017 చివరి ఎన్నికల్లో ఓలి జాతీయాభిమానాన్నే జెండాగా ఎత్తి భారీ మెజారిటీ తెచ్చుకున్నారు. చైనా ఒక్క యువాన్ ఖర్చు పెట్టకుండా సంపాదించుకున్న లాభం అది.

మరి ఆ చైనా దారి నేపాల్‌కు ఏం ఇచ్చింది? 2019లో కుదిరిన విధివిధానాల ప్రకారం తియాన్‌జిన్ సహా నాలుగు చైనా సముద్ర రేవులు వాడుకోవచ్చు. తియాన్‌జిన్ నేపాల్ సరిహద్దుకు 3 వేల కిలోమీటర్ల పైన ఉంది, మధ్యలో టిబెట్ పీఠభూమి, వర్షాకాలంలో విరిగిపడే కొండచరియలు. సరుకు ఇప్పటికీ ప్రధానంగా కోల్‌కతా, హల్దియాల నుంచే వెళ్తుంది. దానికి తోడుగా 2016లో విశాఖపట్నం రేవును కూడా నేపాల్ సరుకుకు తెరిచారు. పెద్ద ఓడలు నిలిచే లోతు ఉండటం విశాఖకు కలిసొచ్చింది. అక్కడ దిగిన కంటైనర్లు రైల్లో నేరుగా బీర్‌గంజ్ చేరతాయి. దిగ్బంధం గాయం పచ్చిగా ఉన్నప్పుడు ఆ ఒప్పందం మీద పెద్ద శీర్షికలేమీ రాలేదు, కానీ సముద్రం లేని దేశానికి రెండో తలుపు తెరవడమంటే మామూలు విషయం కాదు. 2019 సెప్టెంబరులో మోతిహారి నుంచి అమ్లేఖ్‌గంజ్‌కు 69 కిలోమీటర్ల పెట్రోలియం పైప్‌లైను మొదలైంది. గడువు కంటే ముందే పూర్తయిన పని అది. ఏ చమురు ఆపి నేపాల్‌ను బాధపెట్టారో, అదే చమురును ట్యాంకర్లతో పనిలేకుండా పంపే ఏర్పాటు. 2024 జనవరిలో పదేళ్లలో 10 వేల మెగావాట్ల జలవిద్యుత్ కొనడానికి భారత్ ఒప్పుకుంది. ఆ నవంబరులో నేపాల్ కరెంటు 40 మెగావాట్లు మన గ్రిడ్ మీదుగా బంగ్లాదేశ్‌కు వెళ్లింది. మూడు దేశాలను కలిపే తీగ అది. అది చిన్నదే, కానీ ఏ శిఖరాగ్ర ప్రకటనకన్నా నాకు విలువైనదిగా కనిపిస్తుంది.

మెచ్చుకోదగ్గ ఈ పనుల పక్కనే సిగ్గుపడాల్సినవీ ఉన్నాయి. మహాకాళి నది మీద పంచేశ్వర్ ప్రాజెక్టుకు ఒప్పందం కుదిరింది 1996లో. ముప్పై ఏళ్లవుతున్నా ఆనకట్ట పని మొదలుకాలేదు. నేపాలీ యువకుడికి ఆ పేరు వింటే భారత్ ఇచ్చే మాట ఎలా ఉంటుందో గుర్తొస్తుంది. ఇంకొకటి, చైనా పెట్టుబడి ఉన్న, చైనా కాంట్రాక్టర్లు పనిచేసిన కేంద్రాల కరెంటు కొనబోమన్న నిబంధన. పెట్టుబడి సంగతి వేరు. నేపాల్‌లో పెద్ద కేంద్రమైన 456 మెగావాట్ల ఎగువ తామాకోశిలో డబ్బు నేపాలీలది, సివిల్ పనులు చేసింది మాత్రం చైనా సంస్థ. కాంక్రీటు పోసిందెవరో చూసి కరెంటు వద్దంటే నష్టపోయేది నేపాలీ మదుపుదారులే. ఈ నిబంధనను సడలించడం వల్ల మన భద్రతకు ఏ ముప్పూ వస్తుందనుకోను.

పైగా ఈ విషయంలో మన మాట నిలవాలంటే మన చేత కూడా అలాగే ఉండాలి. 2024-25లో చైనాతో మన వాణిజ్య లోటు దాదాపు 9,900 కోట్ల డాలర్లు. బీజింగ్ కేంద్రంగా నడిచే, చైనాయే అతి పెద్ద వాటాదారైన ఆసియా మౌలిక పెట్టుబడుల బ్యాంకు ఏఐఐబీలో భారత్‌ది రెండో స్థానం. ఆ బ్యాంకు నుంచి ఎక్కువగా అప్పు తీసుకున్న దేశాల్లో మనదొకటి. ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ పంపిణీ మెరుగుదలకు 2017లో 16 కోట్ల డాలర్లు ఇచ్చింది ఆ బ్యాంకే, గ్రామీణ రోడ్ల పథకానికీ అది అప్పు ఇచ్చింది. అందులో తప్పేమీ లేదు, మన ఊళ్లకు రోడ్లు కావాలి. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలతో క్వాడ్‌లో కూర్చుని, చైనా, రష్యాలతో బ్రిక్స్‌లోనూ షాంఘై సహకార సంస్థలోనూ కూర్చోవడం మన స్వతంత్ర విదేశాంగ విధానమని గర్వంగా చెప్పుకుంటాం. ఆ స్వాతంత్ర్యం నేపాల్‌కు, శ్రీలంకకు ఎందుకు ఉండకూడదో వాళ్లకు నచ్చజెప్పగల వాదన నాకైతే కనబడదు.

ఇదంతా వినడానికి బాగుంటుంది, కానీ భద్రత దగ్గర మెత్తదనం పనికిరాదు అనేవాళ్లున్నారు. 2014లో కొలంబోలో చైనా జలాంతర్గామి రెండుసార్లు ఆగింది. రేపు ఆ రేవే చైనా స్థావరమైతే ఏం చేస్తాం? గట్టిగా ఉండాల్సిన చోట గట్టిగా ఉండాల్సిందే. అయితే ఆ గట్టితనానికి పొరుగుదేశం తోడు ఎలా దొరుకుతుందో భూటాన్ చెబుతుంది. 1949 ఒప్పందంలో విదేశీ వ్యవహారాల్లో భారత్ సలహా ప్రకారం నడుచుకోవాలన్న షరతు ఉండేది. 2007లో ఒప్పందాన్ని సవరించినప్పుడు భారత్ ఆ షరతును తనంతట తాను వదులుకుంది. పట్టు జారిపోతుందని భయపడినవాళ్లు అప్పుడూ ఉన్నారు. సరిగ్గా పదేళ్లకు, 2017 జూన్‌లో, భూటాన్ తనదని చెప్పే డోక్లాంలో చైనా రోడ్డు వేయడం మొదలుపెట్టింది. చైనాతో దౌత్య సంబంధాలే లేని ఆ చిన్న దేశం రోడ్డు పని ఆపాలని బహిరంగంగా ప్రకటన చేసింది. మన సైనికులు 73 రోజులు అక్కడ ఎదురు నిలబడ్డారు. థింఫూ మౌనంగా ఉండిపోయి ఉంటే ఆ నిలబడటానికి న్యాయమైన ఆధారం ఉండేది కాదు. మన సాయంతో కట్టిన చుఖా, తాలా జలవిద్యుత్ కేంద్రాలతో భూటాన్ ఖజానాకు దశాబ్దాలుగా వస్తున్న రాబడి, ఎత్తేసిన ఆ షరతు, రెండూ ఆ రోజున మనకు అక్కరకొచ్చాయి.

డబ్బు విషయంలో పోటీ పడలేం కదా అన్నది మరో మాట. చైనా ఆర్థిక వ్యవస్థ మనకు నాలుగైదు రెట్లు. నిజమే. కానీ ఆ డబ్బులో ఎక్కువ భాగం అప్పు, అప్పుకు తగ్గ రాబడి రావాలి. చైనా ఎగ్జిమ్ బ్యాంకు అప్పు 21.6 కోట్ల డాలర్లతో కట్టిన పొఖరా విమానాశ్రయం 2023 జనవరి 1న తెరుచుకుంది, అంతర్జాతీయ విమానాల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. బెల్ట్ అండ్ రోడ్‌లో చేరిన ఏడేళ్లకు, 2024 డిసెంబరులో, ఎలా ముందుకెళ్లాలన్న దాని మీద నేపాల్ మళ్లీ ఒప్పందం రాసుకోవాల్సి వచ్చింది. మనం పోటీ పడగలిగేది చైనా చేయలేని వాటిలో. మన గ్రిడ్, మన రేవులు, మన మార్కెట్ వాళ్ల గడప పక్కనే ఉన్నాయి. కొలంబో రేవులో ఓడ మారే సరుకులో సింహభాగం భారత్‌దే.

అన్నిటికంటే పెద్ద పొరపాటు ఒక పార్టీనో ఒక నాయకుడినో మనవాళ్లనుకోవడం. 2022లో కొలంబోలో గొటాబయ రాజపక్స, 2024 ఆగస్టు 5న ఢాకాలో షేక్ హసీనా, 2025 సెప్టెంబరులో కాఠ్మండులో ఓలి, ముగ్గురూ వీధుల్లోకి వచ్చిన జనం ఒత్తిడికి గద్దె దిగారు. చైనాకు దగ్గరనుకున్నవాళ్లనూ, భారత్‌కు దగ్గరనుకున్న హసీనానూ, ఎవరినీ ఏ పెద్ద దేశం కాపాడలేకపోయింది. అవినీతి, ఉద్యోగాలు లేకపోవడం, గొంతు నొక్కడం అక్కడి యువతకు కోపం తెప్పించాయి. హసీనా పదిహేనేళ్ల పాలనలో ఢిల్లీ ఆమెతో ఎంత గాఢంగా అల్లుకుపోయిందంటే, ఆమె మీది కోపం మన మీదికీ మళ్లింది. అదే బంగ్లాదేశ్‌తో వ్యక్తులతో పనిలేకుండా చేసిన పనులు మాత్రం చెక్కుచెదరలేదు. 2014లో సముద్ర సరిహద్దు వివాదంలో అంతర్జాతీయ ట్రిబ్యునల్ 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కే ఇచ్చింది, భారత్ ఆ తీర్పును గౌరవించింది. దక్షిణ చైనా సముద్రం మీద 2016లో వచ్చిన తీర్పును చైనా చెత్తకాగితమని తోసిపుచ్చిన సంగతితో పోల్చి చూస్తే దీని విలువ తెలుస్తుంది. 2015లో భూసరిహద్దు ఒప్పందంతో రెండు వైపులా పరాయి దేశపు నేల మధ్య చిక్కుకుపోయిన చిట్‌మహళ్ల ప్రజలకు దేశం దొరికింది.

ఇప్పుడు ఎదురుగా ఉన్న పరీక్ష నీళ్లది. 1996 డిసెంబరులో, పొరుగు చిన్న దేశాల నుంచి ప్రతిఫలం ఆశించకుండా ఇవ్వాలన్న అప్పటి విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ విధానం నడిచిన కాలంలో, గంగా జలాల ఒప్పందం ముప్పై ఏళ్లకు కుదిరింది. దాని గడువు 2026 డిసెంబరుతో ముగుస్తుంది. తీస్తా నది నీళ్ల మీద 2011లో సిద్ధమైన ఒప్పందం పశ్చిమ బెంగాల్ అభ్యంతరంతో ఆగిపోయి ఇంకా కదల్లేదు, తీస్తా పనుల కోసం ఢాకా బీజింగ్ వైపు చూస్తోంది. బెంగాల్ రైతు అవసరమూ నిజమైనదే, దాన్ని పక్కకు నెట్టి చేసే ఏ ఒప్పందమూ నిలవదు. కాబట్టి కోల్‌కతాను మొదటి రోజు నుంచే చర్చల్లో కూర్చోబెట్టాలి, ఎండాకాలంలో గంగ మీది ఫరక్కా బ్యారేజీ దగ్గర ఎంత నీరు వస్తోందో లెక్కలు రెండు దేశాల ప్రజల ముందూ పెట్టాలి, ఢాకాలో ఏ పార్టీ అధికారంలో ఉందన్నదానితో నిమిత్తం లేకుండా, గడువు దాటకముందే సంతకం చేయాలి.